వెనక నుంచి గుద్దినవాళ్ల ఇన్సూరెన్స్ సగం డబ్బు కూడా ఇవ్వనంటోంది, టెక్సస్‌లో ఎలా మాట్లాడాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. పోయిన నెల ఒక సాయంత్రం బాబుని స్విమ్మింగ్ క్లాసు నుంచి తీసుకొస్తుంటే, 121 సర్వీస్ రోడ్డు మీద రెడ్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మా కారుని వెనక నుంచి ఒక పికప్ ట్రక్కు వచ్చి గుద్దింది. మాది 2021 హోండా సీఆర్-వి, 38 వేల మైళ్లు తిరిగింది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు, కారు నడుపుకుంటూనే ఇంటికి వచ్చాం. పోలీసు వచ్చి ఇద్దరి వివరాలు రాసుకున్నాడు, జరిమానా టికెట్ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

అవతలి డ్రైవర్ ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు మొదట చాలా మర్యాదగా మాట్లాడారు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని ఫోటోలు పంపమన్నారు, పంపాను, 3,180 డాలర్లకి ఎస్టిమేట్ వచ్చింది. ప్లేనోలో తెలిసినవాళ్లు చెప్పిన బాడీ షాపుకి తీసుకెళ్తే వాళ్లు బంపర్ విప్పకుండానే 5,900 అన్నారు, విప్పి చూస్తే ఇంకా పెరగొచ్చన్నారు. ఆ మాట క్లెయిమ్ చూస్తున్న వాళ్ల అడ్జస్టర్‌కి చెప్పగానే ఆయన మాట తీరు మారిపోయింది. మీరు హఠాత్తుగా బ్రేక్ వేశారని మా డ్రైవర్ అంటున్నాడు, కాబట్టి 20 శాతం తప్పు మీది, 3,180లో అది తీసేస్తే 2,544 వస్తుంది, మా లిస్టులో ఉన్న షాపుకి తీసుకెళ్తే ఆ డబ్బుతోనే పని అయిపోతుంది అంటున్నాడు. నేను అప్పటికే ఆగి ఉన్నానని ఎంత చెప్పినా వినడం లేదు.

నిన్న 2,544కి చెక్కు పోస్టులో వచ్చేసింది. దాంతో పాటు సంతకం పెట్టి పంపమని ఒక రిలీజ్ ఫారం. కారులో ఉన్న మా ఆవిడకి ప్రమాదం జరిగిన మర్నాటి నుంచి మెడ నొప్పి, అర్జెంట్ కేర్‌కి వెళ్లి చూపించుకున్నాం, ఇంకా పూర్తిగా తగ్గలేదు. పైగా సంక్రాంతికి రాజమండ్రి వెళ్లడానికి టికెట్లు కొనేశాం, ఈ లోపల కారు పని అయిపోతే బాగుండని ఉంది. రోజూ ఆఫీసు మీటింగుల మధ్యలో ఈ ఫోన్లు, ఒకటే టెన్షన్.

చెక్కు బ్యాంకులో వేసుకోవచ్చా? ఆ 20 శాతం సంగతి ఎలా తేల్చుకోవాలి? షాపు వాళ్లది నేనే ఎంచుకోవచ్చా, లేక వాళ్లు చెప్పిన చోటికే వెళ్లాలా? వెనకాల సీటులో బాబు కార్ సీటు ఉంది, చూడటానికి బాగానే ఉంది, దాన్ని కూడా మార్చాలా? ఈ దారిలో వెళ్లి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నల్లమల:

నేను ఇక్కడే డాలస్ వైపు బాడీ షాపులో ఎస్టిమేట్లు రాస్తుంటాను, అందుకని బండి సంగతి వరకు చెప్తాను, లీగల్ విషయాలు తెలిసినవాళ్లు చెప్తారు.

ముందు ఆ 3,180 అంకె మీద కోపం తెచ్చుకోకండి, అది చివరి అంకె కాదు. ఫోటోలు చూసి రాసే ఎస్టిమేట్‌లో పైకి కనిపించేదే ఉంటుంది. సీఆర్-వి లాంటి బండిని పికప్ గుద్దితే బంపర్ కవర్ ప్లాస్టిక్ కాబట్టి వంగి మళ్లీ దాదాపు మొదటి రూపానికి వచ్చేస్తుంది, దాని వెనక ఉన్న ఇనుప బార్ మాత్రం వంగే ఉంటుంది, దాని వెనక రియర్ బాడీ ప్యానెల్ మడత పడి ఉండొచ్చు, టెయిల్‌గేట్ (వెనక డోర్) కింద సందు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అయి ఉండొచ్చు. ఇవేవీ ఫోన్ ఫోటోలో పడవు. అందుకే మా పనిలో సప్లిమెంట్ అని ఒక మాట ఉంది. షాపు వాళ్లు బండి విప్పి, లోపల దొరికిన డ్యామేజీని ఫోటోలు తీసి, అదనంగా ఎంతవుతుందో ఇన్సూరెన్స్‌కి పంపుతారు, వాళ్లు ఒప్పుకోవడమో, మనిషిని పంపి చూసుకోవడమో చేస్తారు. ఇది రోజూ జరిగేదే, అడ్జస్టర్‌కి కొత్త కాదు. ఒక్కటే జాగ్రత్త, సప్లిమెంట్ ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా వచ్చేదాకా ఆ భాగం రిపేర్ మొదలుపెట్టొద్దని షాపుకి చెప్పండి. పాత పార్టు పారేశాక డ్యామేజీ ఉందని నిరూపించడం కష్టం.

వాళ్లు పంపిన ఎస్టిమేట్ పీడీఎఫ్ తెరిచి లైన్ లైన్ చదవండి. పార్టు పేరు పక్కన ఎ/ఎం అని ఉంటే కంపెనీ పార్టు కాదు, బయట తయారైంది. ఎల్‌కేక్యూ అని ఉంటే వేరే బండి నుంచి తీసిన పాత పార్టు. రీకాన్ అంటే బాగు చేసిన పార్టు. 38 వేల మైళ్ల బండికి వెనక బార్ బయటి పార్టు వేయమంటే నేనైతే గట్టిగా అడ్డం చెప్తాను, ఎందుకంటే ఈసారి ఎవరైనా గుద్దితే దెబ్బ ఆపాల్సింది అదే. ఇంకోటి, స్కాన్. బండి గుద్దుకుంటే రిపేర్‌కి ముందొకసారి, తర్వాతొకసారి కంప్యూటర్ స్కాన్ చెయ్యాలని హోండా 2016లోనే రాతపూర్వకంగా చెప్పింది. మీ బండికి వెనక బ్లైండ్ స్పాట్ సెన్సార్లు ఉంటే అవి బంపర్ మూలల్లోనే ఉంటాయి, వాటిని మళ్లీ సరిచూడాలి. ఫోటో ఎస్టిమేట్‌లో స్కాన్, కాలిబ్రేషన్ లైన్లు చాలాసార్లు ఉండనే ఉండవు. మీ షాపు 5,900లో అవి ఉన్నాయో లేదో అడగండి. ఉంటే ఆ హోండా కాగితం కూడా జతచేసి పంపమనండి, కారు తయారు చేసినవాడే చెయ్యమన్న పనిని అనవసరం అనడం అడ్జస్టర్‌కి కష్టం.

షాపు మీ ఇష్టం. టెక్సస్ చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీ ఫలానా షాపుకే వెళ్లాలని గానీ, ఫలానా బ్రాండు పార్టులే వేయాలని గానీ బలవంతం చెయ్యకూడదు. వాళ్ల లిస్టు షాపులు అన్నీ చెడ్డవని అనను, మంచి పని చేసేవాళ్లు ఉన్నారు. కానీ ఆ షాపుకి నెలనెలా బళ్లు పంపేది ఆ కంపెనీ, మీరు కాదు, అది గుర్తుంచుకోండి.

కాకతీయ_07:

నేను కొన్నేళ్లు ఇక్కడ ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఆటో క్లెయిములు చూశాను, ఇప్పుడు వేరే ఉద్యోగం. టేబుల్‌కి అవతలి వైపు ఎలా ఉంటుందో చెప్తాను.

మొదట తెలుసుకోవాల్సింది, ఆ కంపెనీకి మీరు కస్టమర్ కాదు. వాళ్లకి కాంట్రాక్టు ఉన్నది గుద్దిన డ్రైవర్‌తో. మీకు చట్టప్రకారం బాకీ ఉన్నది ఆ డ్రైవర్, అతని తరఫున కంపెనీ కడుతోంది. అందుకని మన సొంత ఇన్సూరెన్స్‌తో మాట్లాడినట్టు "పాలసీ ప్రకారం నాకు ఇది రావాలి" అని అడిగితే పని జరగదు. "మీ డ్రైవర్ నాకు ఇంత నష్టం చేశాడు, ఇవిగో కాగితాలు, మీరు ఇవ్వకపోతే అతని మీద కోర్టుకి వెళ్తాను" అనే ధోరణిలో మాట్లాడాలి. ఇక్కడ అడ్జస్టర్ భయపడేది మీ కోపానికి కాదు, మీ ఫైలుకి.

20 శాతం గురించి. టెక్సస్‌లో తప్పు పంచుతారు. మీ తప్పు 50 శాతం దాటితే పైసా రాదు, దాటకపోతే మీ వాటా తగ్గించి మిగతాది ఇస్తారు. కాబట్టి 20 శాతం అనే అంకె కంపెనీకి ఊరికే మిగిలే డబ్బు, ఎవరూ ఎదురు చెప్పకపోతే అది అలాగే నిలబడిపోతుంది. దాన్ని పడగొట్టాలంటే ఫోన్‌లో వాదించకండి, ఈమెయిల్ పెట్టండి. "నాకు 20 శాతం తప్పు ఏ ఆధారంతో వేశారో రాతపూర్వకంగా చెప్పండి, మీ డ్రైవర్ మాట తప్ప ఇంకేమైనా ఉందా" అని సూటిగా అడగండి. ముందున్న బండికి తగినంత దూరం పాటించాల్సింది వెనక వచ్చేవాడే అని టెక్సస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 545.062 చెప్తుంది, ఆ సెక్షన్ నంబరు మీ ఉత్తరంలో వేయండి. టికెట్ ఇవ్వలేదు కాబట్టి అతని తప్పు లేదని కాదు. పోలీసు రిపోర్టు, అంటే సీఆర్-3, టెక్సస్ రవాణా శాఖ సైటులో 6 డాలర్లకి దొరుకుతుంది. అందులో ఆఫీసర్ రాసిన వివరణ, పక్కన ఏ యూనిట్‌కి ఏ కారణం అని వేసిన కోడ్‌లు చూడండి. మీ యూనిట్ పక్కన ఏమీ లేకపోతే ఆ పేజీ జతచేయండి.

మీ కారులో డ్యాష్ కెమెరా ఉందా? ముందు వైపు మాత్రమే ఉన్నా చాలు. సిగ్నల్ ఎర్రగా ఉండటం, మీ బండి కదలకుండా నిలబడి ఉండటం, ఆ తర్వాత కుదుపు, ఈ మూడూ ఒకే వీడియోలో కనిపిస్తే "హఠాత్తుగా బ్రేక్" అనే కథ అక్కడితో అయిపోతుంది. కాపీ పంపండి, కార్డులో ఉన్న అసలుది ఎవరికీ ఇవ్వకండి.

రికార్డెడ్ స్టేట్‌మెంట్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. మీ సొంత కంపెనీ అడిగితే సహకరించాలి, అది పాలసీ షరతు. అవతలి కంపెనీకి ఇవ్వాల్సిన పని లేదు. మనవాళ్లు ఫోన్ ఎత్తగానే "హౌ ఆర్ యూ" అంటే అలవాటుగా "ఐ యామ్ ఫైన్" అనేస్తాం, మెడ నొప్పితో ఉన్న మనిషి అన్న ఆ మాట కూడా రికార్డులో ఉండిపోతుంది.

ఇప్పుడు ఆ ఫారం. సంతకం పెట్టకండి. అందులో ఏముందో జాగ్రత్తగా చూడండి, ఈ ప్రమాదం వల్ల ఇప్పుడు తెలిసినవీ ఇంకా తెలియనివీ అన్ని క్లెయిములూ వదులుకుంటున్నాను అనే అర్థం వచ్చే వాక్యం ఉంటే, కారు డబ్బుతో పాటు మీ ఆవిడ వైద్యం ఖర్చు కూడా అందులోనే పోతుంది. కారు నష్టం, ఒంటికి తగిలిన దెబ్బ విడివిడిగా సెటిల్ చేసుకోవచ్చు, చేసుకోవాలి. సంతకం పెట్టాల్సి వస్తే కేవలం ఆస్తి నష్టానికే అని ఉన్న ఫారం అడగండి, అదీ అన్ని సప్లిమెంట్లూ అయ్యాకే. చెక్కు విషయంలో కూడా ఇదే. చెక్కు మీద గానీ, దానితో వచ్చిన ఉత్తరంలో గానీ పూర్తి, చివరి సెటిల్‌మెంట్ అని రాసి ఉంటే బ్యాంకులో వేయకండి, వేస్తే ఒప్పుకున్నట్టే అని వాదిస్తారు. అలాంటిదేమీ లేకపోతే "దీన్ని పాక్షిక చెల్లింపుగా తీసుకుంటున్నాను, సప్లిమెంట్లూ 20 శాతం వివాదమూ అలాగే ఉన్నాయి, ఒప్పుకుంటే రాతపూర్వకంగా చెప్పండి" అని మెయిల్ పెట్టి, జవాబు వచ్చాక వేసుకోండి.

ప్రయాణం ఉందని మాత్రం అడ్జస్టర్‌తో అనకండి. టెక్సస్‌లో ఆస్తి నష్టానికి దావా వేయడానికి 2 ఏళ్ల గడువు ఉంది. తొందర మీదే అని తెలిస్తే వాళ్లు అంకె పెంచరు.

గోదారిగట్టు:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ, ఒక్కసారిగా గుండె తేలికపడింది. డ్యాష్ కెమెరా ఉంది, ముందుదే. వెనకది లేదు కాబట్టి ఉపయోగం ఉండదనుకుని దాని గురించి రాయలేదు. ఇప్పుడే కార్డు తీసి చూశాను, సిగ్నల్ ఎర్రగా ఉంది, ముందు రెండు కార్లు ఆగి ఉన్నాయి, మేమూ చాలాసేపు ఆగే ఉన్నాం, ఆ తర్వాతే కుదుపు. ఉత్తరం చూశాను, చెక్కుతో వచ్చిన పేజీలో ఫుల్ అండ్ ఫైనల్ అనే మాట ఉంది. వేయడం లేదు. ఫారంలో కాకతీయ గారు చెప్పిన వాక్యం దాదాపు అలాగే ఉంది.

పాలమూరు:

పైన చెప్పినవన్నీ నిజమే కానీ నేను వేరే మాట చెప్తాను. మీ సొంత పాలసీలో కొలిజన్ కవరేజ్, అంటే తప్పు ఎవరిదైనా మన కారు రిపేర్‌కి మన కంపెనీయే ఇచ్చేది, ఉందా? ఉంటే ఈ గొడవంతా మీరెందుకు మోయాలి? మీ కంపెనీకి ఫోన్ చేసి కొలిజన్ కింద క్లెయిమ్ పెట్టండి, డిడక్టిబుల్ (మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) కట్టి బండి బాగు చేయించుకోండి, ఆ తర్వాత మీ కంపెనీ అవతలి కంపెనీ మీద పడి వసూలు చేసుకుంటుంది, దాన్నే సబ్రొగేషన్ అంటారు. డబ్బు వసూలైతే మీ డిడక్టిబుల్ కూడా తిరిగి వస్తుంది. మీ మీద 20 శాతం తప్పు అన్న వాదన మీ కంపెనీ వాళ్లకి కూడా నష్టమే కాబట్టి, దాన్ని వాళ్లే కొట్టేయడానికి చూస్తారు. మీ కంపెనీతో మీకు కాంట్రాక్టు ఉంది, వాళ్లు ఇష్టం వచ్చినట్టు ఆలస్యం చేస్తే టెక్సస్ చట్టంలో వడ్డీతో సహా కట్టాల్సిన నియమాలు ఉన్నాయి. అవతలి కంపెనీ మీద మీకు ఆ హక్కు లేదు.

చాలామంది ప్రీమియం పెరుగుతుందేమోనని సొంత కంపెనీకి చెప్పనే చెప్పరు. క్లెయిమ్ పెట్టినా పెట్టకపోయినా ప్రమాదం జరిగిందని మాత్రం చెప్పి ఉంచండి, పాలసీ అడుగుతుంది. మీ పాలసీలో ఇంకో రెండు చూడండి. ఒకటి పీఐపీ, అంటే పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్, రాతపూర్వకంగా వద్దని సంతకం పెట్టకపోతే టెక్సస్‌లో అది పాలసీలో ఉన్నట్టే లెక్క, కనీసం 2,500 డాలర్లు. తప్పు ఎవరిదైనా సరే వైద్యం ఖర్చుకి వస్తుంది, మీ ఆవిడ అర్జెంట్ కేర్ బిల్లు ముందు అక్కడ పెట్టండి. రెండోది అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్, గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేకపోయినా, ఉన్నది చాలకపోయినా మన కంపెనీ ఇచ్చేది. ఇక్కడ చట్టం అడిగే కనీస ఇన్సూరెన్స్‌లో ఆస్తి నష్టానికి 25,000 డాలర్లే, ఒకే గుద్దులో మూడు కార్లు దెబ్బతింటే అదే డబ్బు అందరికీ పంచాలి. మీ కేసులో ఆ సమస్య రాదు, కానీ చదివేవాళ్లు ఎవరైనా ఆ కవరేజ్ వద్దని టిక్కు పెట్టి ఉంటే దయచేసి ఈరోజే మార్పించుకోండి. దానికి డిడక్టిబుల్ 250 డాలర్లే.

కాకతీయ_07:

పాలమూరు గారి సలహా మంచిదే, నాకు అభ్యంతరం లేదు, అవతలి కంపెనీ కదలకపోతే నేనూ అదే చేస్తాను. కాకపోతే రెండు సంగతులు చూసుకోవాలి. డిడక్టిబుల్ ముందు జేబులోంచి పోతుంది, తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు. సొంత పాలసీలో రెంటల్ కవరేజ్ తీసుకోకపోతే ఆ కారు అద్దె రాదు. ఇంకోటి, కారు విలువ తగ్గినందుకు వచ్చే డబ్బు టెక్సస్‌లో సొంత కొలిజన్ కింద రాదు, అవతలి వాళ్ల దగ్గరే అడగాలి. వీడియో చేతిలో ఉంది కాబట్టి ముందు ఆ ఒక్క మెయిల్ పెట్టి చూడండి, జవాబుకి ఒక తేదీ ఇవ్వండి, ఆ తేదీ దాటితే సొంత కంపెనీ దగ్గరకి వెళ్లండి.

గోంగూరపచ్చడి:

విలువ తగ్గడం గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు, నేను చెప్తాను, దీన్ని మనవాళ్లు చాలామంది అడగకుండా వదిలేస్తున్నారు, నాకు అది బాధగా ఉంటుంది. రిపేర్ ఎంత బాగా చేసినా కార్‌ఫ్యాక్స్‌లో (కారు చరిత్ర చూపించే రిపోర్టు) యాక్సిడెంట్ అని పడితే రేపు అమ్మేటప్పుడు కొనేవాడు తగ్గించే అడుగుతాడు. ఆ తగ్గిన విలువని డిమినిష్డ్ వాల్యూ అంటారు, టెక్సస్‌లో తప్పు చేసిన డ్రైవర్ ఇన్సూరెన్స్ నుంచి అది అడగొచ్చు. మీరు అడగకపోతే వాళ్లు దాని పేరు కూడా ఎత్తరు.

అడిగితే ఎక్కువసార్లు 17సీ అనే ఫార్ములా చూపిస్తారు. అది జార్జియా రాష్ట్రంలో ఒక కోర్టు కేసు నుంచి పుట్టింది, టెక్సస్‌లో దానికి చట్టబలం ఏమీ లేదు. దాని లెక్క ఇలా ఉంటుంది. మీ కారు విలువ 26,000 అనుకుంటే అందులో 10 శాతం, అంటే 2,600 గరిష్ఠం అని ముందే గీత గీస్తారు. దాన్ని డ్యామేజీ తీవ్రతతో తగ్గిస్తారు, మధ్యస్తం అంటే సగం, 1,300. మళ్లీ మైళ్లతో తగ్గిస్తారు, 20 వేల నుంచి 40 వేల లోపు అంటే 0.8, చివరికి 1,040. మైళ్ల వల్ల తగ్గిన విలువ ఆ 26,000లోనే ఒకసారి తగ్గిపోయి ఉంది కదా, రెండోసారి ఎందుకు తగ్గించాలి? ఈ ప్రశ్న రాసి పంపండి. దాంతో పాటు మీ మోడల్, మీ మైళ్లు ఉన్న సీఆర్-విలు యాక్సిడెంట్ ఉన్నవీ లేనివీ ఇప్పుడు అమ్మకానికి ఎంతకి పెట్టారో స్క్రీన్‌షాట్లు తీయండి. డీలర్ దగ్గరకి వెళ్లి ట్రేడ్-ఇన్ ధర, ప్రమాదం జరిగిందని చెప్పి ఒకటి, జరగకపోయి ఉంటే ఎంతిచ్చేవారో ఒకటి, రాసిమ్మని అడగండి. పెద్ద మొత్తమైతే అప్రైజర్ రిపోర్టు కొనడం మేలు, చిన్న మొత్తానికి ఆ ఫీజే ఎక్కువవుతుంది.

కారు అద్దె కూడా వదలకండి. రిపేర్‌కి నిజంగా పట్టినన్ని రోజులకి అడగాలి, పార్టు రాక ఆలస్యమైతే, సప్లిమెంట్ మీద వాళ్లే నాన్చితే, ఆ రోజులు కూడా. షాపు దగ్గర తేదీలతో ఒక కాగితం తీసుకోండి, ఎప్పుడు విప్పారు, సప్లిమెంట్ ఎప్పుడు పంపారు, వాళ్లు ఎప్పుడు ఒప్పుకున్నారు. అద్దె కారు తీసుకోకుండా ఇంట్లో రెండో కారుతో సర్దుకున్నా కూడా వాడుక పోయినందుకు అడిగే హక్కు ఉంది. మీ కేసులో బండి టోటల్ (రిపేర్ గిట్టుబాటు కానంత నష్టం) కాదనుకోండి, కానీ టోటల్ అయినవాళ్లకి కూడా 2016లో టెక్సస్ సుప్రీంకోర్టు జె అండ్ డి టోయింగ్ కేసులో ఆ హక్కు ఇచ్చింది, పాత అడ్జస్టర్లు కొందరు ఇంకా టోటల్ అయితే అద్దె రాదు అంటుంటారు.

కార్ సీటు మార్చండి, దయచేసి. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ ప్రకారం చిన్న ప్రమాదమైతే మార్చక్కర్లేదు, కానీ చిన్నది అనడానికి అన్ని షరతులూ ఒకేసారి సరిపోవాలి. కారు నడుపుకుని వెళ్లగలగాలి, సీటు పక్క డోర్ దెబ్బతినకూడదు, కారులో ఎవరికీ దెబ్బ తగలకూడదు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకూడదు, సీటు మీద దెబ్బ కనిపించకూడదు. మీ ఆవిడకి మెడ నొప్పి వచ్చింది కాబట్టి ఇది చిన్న ప్రమాదం కాదు. కొన్ని సీట్ల కంపెనీలు ఎంత చిన్న ప్రమాదమైనా మార్చమంటాయి, సీటు పుస్తకంలో ఆ పేజీ ఫోటో తీసి, కొత్త సీటు రసీదుతో కలిపి క్లెయిమ్‌లో పెట్టండి. పాత సీటు బెల్టులు కోసి పారేయండి, వేరేవాళ్లు తీసుకుని వాడకుండా.

షార్లెట్_వాసి:

ఇవన్నీ టెక్సస్ సంగతులు, వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు యథాతథంగా తీసుకోకండి. మా నార్త్ కరోలినాలో, పక్కన వర్జీనియాలో, మేరీల్యాండ్‌లో మన తప్పు ఒక్క శాతం ఉందని తేలినా అవతలి వాళ్లు ఏమీ ఇవ్వక్కర్లేదు. అందుకని ఇక్కడ "కొంచెం నాదీ తప్పుంది లెండి" అని మర్యాదకి అన్నా మొత్తం పోతుంది. మిషిగన్‌లో మా తమ్ముడికి ఇంకో రకం, అక్కడ కారు నష్టానికి అవతలి డ్రైవర్ దగ్గర మినీ టోర్ట్ అనే నియమం కింద గరిష్ఠంగా 3,000 డాలర్లే వస్తుంది, మిగతాది సొంత కొలిజనే. అక్కడ నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు కొత్తగా వచ్చినవాళ్లు లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికే ఇచ్చేది) ఒక్కటే తీసుకుని తిరుగుతుంటారు, వాళ్లకి ఎవరైనా చెప్పండి.

గచ్చిబౌలి_రైడర్:

ఇదంతా చదువుతుంటే ఒకటి అడగాలనిపించింది. హైదరాబాద్‌లో మా అన్నయ్య కారుని ఒక క్యాబ్ గుద్దింది, మనం కూడా ఇలా క్యాబ్ వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీతోనే నేరుగా మాట్లాడి తీసుకోవచ్చా?

పాలమూరు:

ఇక్కడిలా ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకునే పద్ధతి అక్కడ లేదు. అవతలి బండి థర్డ్ పార్టీ పాలసీ నుంచి ఆస్తి నష్టం కావాలంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. కార్ల పాలసీల్లో ఆ కవరేజ్ మామూలుగా 7.5 లక్షల వరకు ఉంటుంది. డెంటు, బంపర్ లాంటి వాటికి అంత దూరం ఎవరూ వెళ్లరు, సొంత పాలసీలో ఓన్ డ్యామేజ్ కింద చేయించుకుంటారు. దానివల్ల నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అది 20 శాతం నుంచి 50 శాతం దాకా ఉంటుంది కాబట్టి రిపేర్ ఖర్చు, పోయే బోనస్ రెండూ పక్కపక్కన పెట్టి లెక్క చూసుకోమనండి. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉందేమో ముందు చూడమనండి. నష్టం పెద్దదైతే, లేదా ఎవరికైనా దెబ్బలు తగిలితే పోలీసు స్టేషన్‌లో రాయించి లాయర్‌ని కలవడమే దారి.

గోదారిగట్టు:

జరిగింది చెప్తాను. వీడియో, సీఆర్-3 పేజీ, సెక్షన్ నంబరు పెట్టి మెయిల్ పంపి, జవాబుకి తేదీ ఇచ్చాను. ఆ తేదీకి ముందే అడ్జస్టర్ కాదు, ఆయన సూపర్‌వైజర్ జవాబిచ్చింది. 20 శాతం తీసేశారు, పూర్తి తప్పు వాళ్ల డ్రైవర్‌దే అని రాసి పంపారు. పాత చెక్కు వెనక్కి పంపాను. బండి ప్లేనో షాపులోనే ఇచ్చాను, విప్పితే నల్లమల గారన్నట్టే వెనక ప్యానెల్ మడత పడి ఉంది, సప్లిమెంట్‌తో 6,740 అయింది, ఒప్పుకున్నారు. కార్ సీటు రసీదు కూడా తీసుకున్నారు. పీఐపీ మా పాలసీలో ఉంది, మా ఆవిడకి ఫిజికల్ థెరపీ మొదలైంది, ఆ క్లెయిమ్ మూయలేదు.

విలువ తగ్గిన దానికి మాత్రం 1,040 అని అదే 17సీ కాగితం పంపారు. నేను డీలర్ దగ్గర రాయించుకున్న తేడా 2,300. దీనికి ఒప్పుకోకపోతే చిన్న కోర్టుకి వెళ్లాలంటే ఎవరి మీద వేయాలి? మేం హెచ్-1బి మీద ఉన్నాం, కోర్టులో పేరు పడితే రేపు స్టాంపింగ్‌కి హైదరాబాద్ కాన్సులేట్‌కి వెళ్లినప్పుడు ఏమైనా ఇబ్బందా అని ఇంట్లో భయపడుతున్నారు.

కాకతీయ_07:

చాలా సంతోషం అండీ. వేయాల్సింది డ్రైవర్ మీద, కంపెనీ మీద కాదు, టెక్సస్‌లో ఇన్సూరెన్స్ కంపెనీని నేరుగా కోర్టుకి లాగలేరు. జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల వరకు వేయొచ్చు, లాయర్ అక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటు ఏ కౌంటీలో, ఏ ప్రీసింక్ట్‌లో (ఆ కోర్టు పరిధి) ఉందో చూసుకోండి, ఫ్రిస్కో కొంత కాలిన్‌లో, కొంత డెంటన్‌లో ఉంటుంది. డ్రైవర్‌కి నోటీసు అందగానే అతను దాన్ని కంపెనీకి ఇస్తాడు, అతని తరఫున లాయర్‌ని పెట్టాల్సింది వాళ్లే. 1,260 డాలర్ల తేడా కోసం లాయర్ ఫీజు కట్టడం కంటే కూర్చుని మాట్లాడటమే వాళ్లకి లాభం, అందుకే ఇలాంటివి చాలావరకు విచారణ దాకా రావు. కానీ వేసే ముందు ఒక పని గుర్తుంచుకోండి, మీ ఆవిడ దెబ్బ తాలూకు క్లెయిమ్ మీద ఈ దావా ప్రభావం పడకుండా ఎలా రాయాలో ఒకసారి ఇంజురీ లాయర్‌ని అడగండి, మొదటి సంప్రదింపుకి చాలామంది ఫీజు తీసుకోరు.

వీసా గురించి భయం వద్దు. ఇది సివిల్ దావా, వేసేది మీరు. మీ మీద అరెస్టు లేదు, నేరారోపణ లేదు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అడిగేది వాటి గురించి.

కోర్టుకి ముందు ఇంకో మెట్టు ఉంది, టీడీఐ, అంటే టెక్సస్ ఇన్సూరెన్స్ శాఖ, సైటులో ఫిర్యాదు. తప్పు ఎవరిది, విలువ ఎంత అనేది వాళ్లు తేల్చరు, కానీ కంపెనీ మాత్రం వాళ్లకి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. 17సీని టెక్సస్ కారుకి ఏ ఆధారంతో వాడారు అని ఆ ఫిర్యాదులో ఒకే ప్రశ్నగా పెట్టండి, డీలర్ కాగితం జతచేయండి. సూపర్‌వైజర్‌కి కూడా అదే కాపీ పంపండి. 2,300 అడగండి, 1,800 దగ్గర ఆగితే తీసుకోవాలా వద్దా అనేది ఇంట్లో ఇప్పుడే అనుకుని ఉంచుకోండి, ఫోన్ వచ్చినప్పుడు ఆలోచించుకునే టైం ఇవ్వరు.